చచ్చాక ఎక్కడికెళ్తావని అడిగితే మతం ఓడిపోతుందా?

దేవుడున్నాడా లేడా అనే వాదన ఎక్కడ మొదలైనా, ఎక్కువసార్లు చావు దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఆఫీసు కాంటీన్ అయినా, డాలస్‌లో వీకెండ్ పార్టీ అయినా, మైలవరం బస్టాండ్ పక్కన టీకొట్టు అయినా వరస ఒకటే. ఒకాయన నమ్ముతానంటాడు. రెండో ఆయన టీ గ్లాసు కింద పెట్టి "సరే, చచ్చాక ఏమవుతుందో చెప్పండి" అంటాడు. ఇక అక్కణ్ణుంచి చూడాలి.

మనిషి మళ్ళీ పుడతాడంటారు, పితృలోకంలో ఉంటాడంటారు, కార్డు మీదేమో వైకుంఠ సమారాధన అని అచ్చేయిస్తారు. ఈ మూడింట్లో ఏది? పుట్టేసినవాడికి ఏటా తద్దినం ఎందుకు? ఒంటిని ఇక్కడే కాల్చేశాం కదా, నరకంలో నూనెలో వేగేది ఏంటి? క్రైస్తవ మిత్రుడుంటే ఆయనకో ప్రశ్న: సమాధి మీద 'ప్రభువునందు నిద్రించెను' అని చెక్కిస్తారు, ప్రార్థనలో మాత్రం పరలోకంలో ఉన్నాడంటారు. నిద్రపోతున్నాడా, వెళ్ళిపోయాడా? ముస్లిం మిత్రుడుంటే ఆయనకి ఇంకోటి: సమాధిలో దేవదూతలొచ్చి ప్రశ్నలడుగుతారు కదా, సముద్రంలో పడి శవం కూడా దొరకనివాడి సంగతేంటి?

నమ్మేవాళ్ళలో నూటికి తొంభై మంది దగ్గర వీటికి నిలబడే జవాబుండదు. తడబడతారు, కోప్పడతారు, లేదా "అవన్నీ మన బుద్ధికి అందవు లెండి" అనేస్తారు. అడిగినాయన విజయగర్వంతో చుట్టూ చూస్తాడు. మతం పని అయిపోయిందన్నమాట!

ఇది నిజంగా గెలుపేనా అన్నదే నా అనుమానం. నాకు స్వర్గనరకాల మీద నమ్మకం లేదు, ముందే చెప్పేస్తున్నా. ప్రశ్నలు అడగొద్దనే పక్షమూ కాదు నాది. కానీ పరలోకం గురించి ప్రశ్నలేసి మతాన్ని అబద్ధమని తేల్చెయ్యొచ్చు అనే నమ్మకం, చూడగా చూడగా, నాకు ఇంకో నమ్మకంలాగానే కనిపిస్తోంది.

ఈ ప్రయోగం మనం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. బౌద్ధుల దీఘనికాయంలో పాయాసి సుత్తం అని ఒకటుంది. పాయాసి కోసల దేశంలో ఒక చిన్న ఏలిక. పరలోకం లేదు, పునర్జన్మ లేదు, పాపపుణ్యాలకి ఫలం లేదు అనేవాడు. ఊరికే అనేవాడు కాదు, పరీక్షలు పెట్టాడు. బాగా పాపాలు చేసిన చుట్టం చావుబతుకుల్లో ఉంటే వెళ్ళి, "నువ్వు నరకానికెళ్తే తిరిగొచ్చి నాకు చెప్పు" అని మాట తీసుకున్నాడు. సరేనన్నవాడు మళ్ళీ రాలేదు. మంచివాళ్ళ దగ్గరా అలాగే మాట తీసుకున్నాడు, వాళ్ళూ రాలేదు. మరణశిక్ష పడ్డ దొంగని కుండలో పెట్టి మూతి బిగించి, ప్రాణం పోయాక నెమ్మదిగా తెరిచి జీవుడు బయటికొస్తాడేమోనని చూశాడు. చివరికి దొంగని చంపకముందోసారి, చంపాకోసారి తూచాడు కూడా.

కుమార కాశ్యపుడనే భిక్షువు వీటన్నిటికీ జవాబు చెప్పాడు. తలారుల చేతికి చిక్కిన దొంగ, ఇంటికెళ్ళి చుట్టాలకి చెప్పొస్తానంటే వదుల్తారా? నరకం నుంచి రానిది అందుకే. పెంటగుంటలో పడినవాణ్ణి తీసి, కడిగి, గంధం పూసి మేడ మీద కూర్చోబెడితే మళ్ళీ గుంటలోకి దిగుతాడా? స్వర్గం నుంచి రానిది అందుకే. పైగా ఇక్కడి వందేళ్ళు ముప్పైమూడు దేవతల లోకంలో ఒక్క రోజట. రెండు మూడు రోజులు సుఖపడి వెళ్ళి చెబుదాంలే అనుకునేలోపు ఇక్కడ అడిగినవాడు ఎప్పుడో పోయుంటాడు!

ప్రతి పరీక్షకీ ఒక ఉపమానం. ప్రతి బగ్‌కీ ఒక ప్యాచ్ అనుకోండి. ఆ ప్యాచ్ సరైనదా అని చూసే దారి పాయాసికీ లేదు, భిక్షువుకీ లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం ఆ తర్వాత పాయాసి అనే మాట. నీ వాదన బాగానే ఉంది గానీ, నేను ఈ అభిప్రాయం గలవాణ్ణని రాజులందరికీ తెలుసు, ఇప్పుడు వదిలేస్తే మూర్ఖుడంటారు, అంటాడు. అంటే అక్కడికొచ్చేసరికి సమస్య పరలోకం కాదు, పరువు. చివరికి ఓటమి ఒప్పుకుని బుద్ధుణ్ణి శరణు వేడతాడు. రాసింది బౌద్ధులు కదా, అలా కాకుండా ఎలా ముగుస్తుంది? నాస్తికుడు రాసుంటే భిక్షువు చీవరం విప్పేసి వెళ్ళిపోయేవాడు.

ఇదంతా పాతకాలం సంగతి అనుకోకండి. అమెరికాలో డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టరు చావుకి దగ్గరగా ఉన్న ఆరుగురు రోగుల్ని మంచంతో సహా త్రాసు మీద పెట్టి తూచి, 1907లో ఫలితాలు అచ్చేశాడు. ఒకరి విషయంలో ముప్పావు ఔన్సు, అంటే సుమారు 21 గ్రాములు తగ్గిందన్నాడు. మిగతా కొలతలు దానితో సరిపడలేదు. అయినా 'ఆత్మ బరువు 21 గ్రాములు' అన్న ముక్క మాత్రం ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. పాయాసిది లేదని నిరూపించే ప్రయత్నం, డాక్టరుది ఉందని చూపించే ప్రయత్నం. త్రాసు మాత్రం ఒకటే.

ఇంద్రజాలికుడు హౌడినీ ఇంకా పద్ధతిగా చేశాడు. ఆత్మలతో మాట్లాడిస్తామనేవాళ్ళ మోసాలు బయటపెట్టడం ఆయనకి సరదా. తను ముందు పోతే, నిజంగా తనే మాట్లాడుతున్నట్టు గుర్తుపట్టడానికి భార్య బెస్‌తో ఒక రహస్య సంకేతం అనుకున్నాడు. పాస్‌వర్డ్ అన్నమాట. 1926 అక్టోబరు 31న పోయాడు. ఆమె పదేళ్ళపాటు ఏటా ప్రయత్నించి, 1936లో ఇక చాలనేసింది. ఆత్మలతో మాట్లాడించే వ్యాపారం మాత్రం ఆ రోజుతో మూతపడలేదు.

ఈమధ్యది కూడా ఒకటి చెప్పుకుందాం. గుండె ఆగి బతికొచ్చినవాళ్ళు పైనుంచి తమ శరీరాన్ని చూసుకున్నామంటారు కదా. దాన్ని పరీక్షించడానికి శామ్ పార్నియా బృందం కొన్ని ఆసుపత్రుల్లో, పైనుంచి చూస్తే తప్ప కనపడని చోట అరలు కట్టించి బొమ్మలు పెట్టింది. 2014లో ఫలితాలు వచ్చాయి. 2060 గుండె ఆగిన కేసులు లెక్కలోకి తీసుకుంటే మాట్లాడించగలిగింది 140 మందిని. గుండె ఆగిన కేసుల్లో ఎక్కువ భాగం అసలు ఆ అరలు లేని గదుల్లోనే జరిగాయి. ఆ బొమ్మ చూశానని చెప్పినవాళ్ళు లేరు. నమ్మేవాళ్ళు ఇంకా పెద్ద స్టడీ కావాలన్నారు, నమ్మనివాళ్ళు ముందే చెప్పాం కదా అన్నారు. ఎవరూ కదల్లేదు.

ఎందుకు కదలరు? మన భాషలో చెప్పాలంటే, రిక్వెస్ట్ ఒకవైపే వెళ్తుంది, రెస్పాన్స్ రాదు. రెస్పాన్స్ రాకపోతే అవతల సర్వర్ లేదా, ఉండి పలకట్లేదా, మధ్యలో తీగ తెగిందా అన్నది ఇవతల కూర్చుని తేల్చలేం. టైమౌట్ ఒక్కటే మనకి తెలిసేది.

ఇక్కడ నమ్మేవాళ్ళు చప్పట్లు కొట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఇంకోమాట. లేదని తేల్చలేకపోవడం ఉన్నట్టు కాదు. నా సర్వర్ ఉంది, ఎప్పటికీ పలకదు, కానీ దాని ఫీజు మాత్రం నెలనెలా కట్టు అని ఎవరైనా అంటే మనం కడతామా? ఉందన్నవాడే చూపించాలి. చూపించలేనంత కాలం నేను దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఏ పరీక్షకీ దొరక్కపోవడం ఆ వాదన బలం కాదు, బలహీనతే. జనాభా లెక్కే చూడండి. 1900లో ప్రపంచ జనాభా సుమారు 160 కోట్లు, ఇప్పుడు 800 కోట్లు దాటింది. ఇన్ని ఆత్మలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, జంతువుల నుంచి అంటారు, వేరే లోకాల నుంచి అంటారు. రేపు జనాభా తగ్గినా ఈ జవాబే పనికొస్తుంది. ఎటు తిప్పినా సరిపోయే జవాబు మనకి కొత్తగా చెప్పేదేమీ ఉండదు.

కాబట్టి నేను నమ్మకపోవడానికి ఇది చాలు. ఎదుటివాడి మతం కూలిపోవడానికి మాత్రం చాలదు. ఈ రెండింటినీ కలిపెయ్యడంలోనే మన హేతువాద మిత్రులు చాలామంది పొరబడుతున్నారు.

అసలు ఈ ప్రశ్నలు మతాలకి తెలియనివైతే కదా, విని కంగారుపడటానికి! కఠోపనిషత్తులో నచికేతుడు సాక్షాత్తూ యముణ్ణే అడిగాడు, చచ్చాక మనిషి ఉంటాడా ఉండడా అని. దేవతలకే ఈ అనుమానం ఉంది, ఇంకేదైనా అడుక్కో అని బతిమాలాడు యముడు. రామాయణంలో జాబాలి చిత్రకూటంలో రాముడి ఎదుటే అన్నాడు, శ్రాద్ధం అన్నం దండగ అని. ఒకడు తిన్నది ఇంకొకడికి చేరేట్టయితే ఊరెళ్ళేవాడికి దారి బత్తెం కట్టక్కర్లేదు, ఇంట్లో ఎవరికో ఒకరికి భోజనం పెడితే సరిపోతుంది, అని లాజిక్కు కూడా చెప్పాడు. రాముడు కోప్పడ్డాడనుకోండి, కానీ ఆ వాదన ఆ పుస్తకంలోనే ఉంది. మన వేమన పిండాలు కాకులకి పెట్టేవాళ్ళని ఎంతలా ఎగతాళి చేశాడో బళ్ళో చదువుకున్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. వేమన పద్యాలు నోటికొచ్చినవాళ్ళే 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి బెజవాడ ఘాట్లలో బారులు తీరి పిండాలు పెట్టారు. 2028లో మళ్ళీ పెడతారు. వాళ్ళు వేమనని విన్లేదనా? విన్నారు, మెచ్చుకున్నారు, పిల్లలకీ నేర్పారు. పిండం మాత్రం పెట్టారు.

ఎందుకలా అన్నది నాకు మా ఇంట్లోనే కాస్త అర్థమైంది. మా పెదనాన్న పోయినప్పుడు మైలవరంలో పదో రోజు కార్యక్రమం చెరువు గట్టు మీద జరుగుతోంది. పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. పావుగంటైంది, అరగంటైంది. "ఏదో మనసులో పెట్టుకున్నాడు" అన్నారు పెద్దవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు ముందుకెళ్ళి చెప్పడం మొదలెట్టారు. బాకీ తీర్చేస్తామని ఒకరు, మనవడి పేరు నీదే పెడతామని ఇంకొకరు. చివరికి మా బాబాయి వెళ్ళి, ఊరందరూ వినేట్టు, "అన్నయ్యా, చిన్నదాని చదువు నేను చూసుకుంటా" అన్నాడు. ఆ తర్వాత కాసేపటికి కాకి వచ్చింది.

కాకులు ఎప్పుడొస్తాయో కాకులకే తెలుసు. ఈ రోజుల్లో అవీ తగ్గిపోతున్నాయి, అది వేరే గోల. కానీ ఆ అరగంటలో జరిగిందేంటో చూడండి. అన్నదమ్ముల మధ్య మూడేళ్ళుగా మాటల్లేవు. ఆ అమ్మాయి చదువు సంగతి అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. యాభై మంది ముందు మాటిచ్చాక మా బాబాయి నిజంగానే నాలుగేళ్ళ ఫీజు కట్టాడు. కాకిని అడ్డం పెట్టుకుని బతికున్నవాళ్ళు ఒకరికొకరు రాసిచ్చుకున్న ఒప్పందం అది. కాకి లేకుండా కూడా ఆ మాట ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు. ఇవ్వలేదు మరి.

ఆ రోజు సాయంత్రం అమెరికా నుంచొచ్చిన మా అన్నయ్య ఒకడు, మంచివాడే, మా పెద్దమ్మ పక్కన కూర్చుని అడిగాడు. "పెద్దమ్మా, మనిషి మళ్ళీ పుడతాడంటారు కదా. పెదనాన్న ఈపాటికి పుట్టేసుంటే ఈ పిండం ఎవరు తిన్నట్టు?"

"ఏమో నాయనా, నాకేం తెలుసు? ఆయన ఆకలికి తట్టుకోలేడు" అందావిడ.

అంతే. దీన్ని ఏ వాదనతో ఓడిస్తారు? ఆవిడ పునర్జన్మ సిద్ధాంతాన్నేమీ సమర్థించట్లేదు. నలభై ఏళ్ళు వేళకి అన్నం పెట్టిన చెయ్యి పదకొండో రోజు పొద్దున ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయింది. దానికో పని కావాలి. మావాడు అడిగింది సిద్ధాంతం గురించి, ఆవిడ చెప్పింది భర్త గురించి. రెండూ కలవవు.

ఇలాంటివాళ్ళని ప్రశ్నలతో ఇరికించి, చూశారా జవాబు లేదు అనడం నాకు హేతువాదంలా అనిపించదు. మాన్యువల్ చదవని యూజర్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ అడిగినట్టుంటుంది. ఆవిడ చెప్పలేకపోతే ఆవిడకి తెలియదని తేలుతుంది, అంతే. మతాల్లో పండితులకీ తెలియదు, నిజమే. కానీ ఆ సంగతి తేలాక ఏమైంది? ఆవిడ ఏడ్చింది, మావాడు ఫ్లైటెక్కాడు.

నేను చెప్పదల్చుకున్న అసలు సంగతి ఇదీ: ఆ రోజు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది, దాన్ని మా అన్నయ్య అడగలేదు. నా నోటి దాకా రాకముందే వేరే ఆయన అడిగారు.

పదో రోజు ఆడవాళ్ళకి ఏం చేస్తారో మీకు తెలుసు. తెల్లారకముందే కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, మెట్టెలు తీసేస్తారు. చేసేది కూడా భర్త పోయిన ఇంకో ఆడమనిషే. ఇలా చెయ్యకపోతే పోయినాయనకి గతులుండవని ఒక మాట. ముందురోజు రాత్రి దానికి ఏర్పాట్లు జరుగుతుంటే మా పెద్దమ్మ తమ్ముడు, రిటైరైన టీచరు, పురోహితుడి దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగారు. "అయ్యగారూ, ఇది చెయ్యకపోతే మా బావగారికి ఏమవుతుంది? ఎక్కడ రాసుంది?" ఆయన కాస్త ఆలోచించి, "రాసుందని కాదండీ, ఆనవాయితీ. మీ ఇంట్లోవాళ్ళు వద్దంటే నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. తర్వాత ఆయన వాళ్ళక్క దగ్గరికెళ్ళి, "అక్కా, నీకిష్టమేనా?" అని అడిగారు. పది రోజుల్లో ఆ మాట ఆవిణ్ణి అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

గాజులు పగల్లేదు. ఒకరిద్దరు గొణిగారు. పిండం పెట్టారు, కాకి వచ్చింది, భోజనాలయ్యాయి. మా పెద్దమ్మ ఇవాళ్టికీ బొట్టు పెట్టుకుంటుంది, ఇవాళ్టికీ తద్దినం పెడుతుంది. మతం అబద్ధమని ఎవరూ నిరూపించలేదు. ఒక మనిషికి జరగబోయే అవమానం మాత్రం ఆగింది.

రెండూ పరలోకం గురించిన ప్రశ్నలే. ఒకటి 'అక్కడ ఏం జరుగుతుంది' అని అడిగింది. రెండోది 'అక్కడి పేరు చెప్పి ఇక్కడ ఏం చేస్తున్నారు' అని అడిగింది. మొదటిదానికి జవాబు ఎప్పటికీ రాదు. రెండోదానికి అప్పటికప్పుడే వచ్చింది.

మా ప్రాంతంలో ఈ తేడా తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. గోపరాజు రామచంద్రరావు, అందరూ పిలిచేది గోరా. 1902లో పుట్టి 1975లో పోయారు. వృక్షశాస్త్రం పంతులు. నాస్తిక భావాల వల్ల కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది బెజవాడ పటమటకి వచ్చింది. ఈ వైపు వాళ్ళకి లవణం, విజయం, డాక్టర్ సమరం పేర్లు కొత్త కాదు, ఆయన పిల్లలే. అంత కరడుగట్టిన నాస్తికుడు స్వర్గం ఉందా లేదా అని వాదించి గెలవడం మీద ఆధారపడలేదు. దయ్యాలున్నాయన్న ఇంట్లో చేరి కాపురం చేశారు. గ్రహణం వేళ గర్భిణి బయట తిరిగితే బిడ్డకి అవకరం అంటే, ఆయన భార్య సరస్వతిగారు కడుపుతో ఉండి గ్రహణంలో తిరిగారు. గమనించారా? ఇవన్నీ ఇక్కడ, ఈ లోకంలో, ఫలితం కంటికి కనపడే పరీక్షలు. పాస్ ఫెయిల్ తెలిసిపోతుంది. సహపంక్తి భోజనాలు పెట్టింది కూడా అందుకే. అంటరానివాడి పక్కన కూర్చుని తింటే ఏమవుతుందో తినేవాళ్ళకే తెలుస్తుంది కదా.

ఆయన గాంధీగారిని కలిసినప్పుడు వాదించిందీ ఇలాగే. 1951లో వచ్చిన 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' పుస్తకంలో రాసుకున్నారు. బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో మనుషులు మిఠాయి కొట్ల పక్కనే ఆకలితో పడి చచ్చిపోవడం చూశారు. తిండి ఎదురుగా ఉన్నా చెయ్యి చాపలేదు, ఎందుకంటే ఇది మా రాత అనుకున్నారు, అన్నది ఆయన వాదన. ఆ విశ్లేషణతో ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, కరువుకి వేరే కారణాలు చాలా ఉన్నాయి. కానీ ప్రశ్న ఎక్కడుందో చూడండి. కర్మ సిద్ధాంతం నిజమా అని ఆయన అడగలేదు, అది ఆకలిగొన్నవాడి చేతిని ఏం చేస్తోందని అడిగారు. గాంధీ నమ్మకం మారలేదు. నా ఆస్తికత్వం ఒప్పనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను అన్నారు. అయినా గోరాగారి అమ్మాయి మనోరమకి, దళితుడైన అర్జునరావుకి సేవాగ్రామ్‌లో పెళ్ళి చెయ్యడానికి, అదీ దేవుడి మాట చోట సత్యం అనే మాట పెట్టి చెయ్యడానికి ఒప్పుకున్నారు. ఆ లోపే హత్యకి గురయ్యారు. 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. వాదన డ్రా అయింది, పెళ్ళి మాత్రం అయింది. నాకైతే ఆ స్కోరు చాలు.

నాస్తికులే చెయ్యాలని కూడా లేదు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించింది దేవుడు లేడని నిరూపించాక కాదు. ఆయన దేవుణ్ణి నమ్మినవారు. శాస్త్రాలే తిరగేసి, వీల్లేదని ఎక్కడుందో చూపించమని పండితుల్ని నిలదీశారు. మా పెద్దమ్మ తమ్ముడు చేసింది చిన్న ఎత్తున అదే. 2022 మేలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ ఈ గాజులు పగలగొట్టడం లాంటివన్నీ మానేద్దామని తీర్మానం చేసింది. ఆ ఊరివాళ్ళు నాస్తికులైపోలేదు, ఒక్క పని మానేశారంతే.

అడగాల్సినవి ఇంకా బోలెడున్నాయి. మైలవరం రాజావారి నాటక కంపెనీ బెజవాడని ఊపేసిన గడ్డ మనది. సత్యహరిశ్చంద్ర కాటిసీనులో జాషువాగారి శ్మశాన పద్యాలకి వన్స్‌మోర్లు కొట్టిన జనం మనం. చావు ముందు అందరూ సమానమే అంటే కళ్ళు తుడుచుకుంటాం. తెల్లారి చూస్తే ఎన్నో ఊళ్ళల్లో శ్మశానాలు కులానికొకటి. ఆత్మకి కులం లేదంటారు కదా, మరి బూడిదకెందుకుంది? ఇది అడిగితే 'మన బుద్ధికి అందదు' అని తప్పించుకోవడానికి ఉండదు. ఆ గోడ కంటికి కనపడుతుంది, సర్వే నంబరుతో సహా.

అలాగే గోదానం చెయ్యకపోతే వైతరణి దాటలేడని అప్పుచేయించేవాడి దగ్గర, స్వస్థత కూటానికొస్తే చాలు మందులు మానేయమనేవాడి దగ్గర, నాకు ఎదురు తిరిగితే నరకమే అని పిల్లల్ని భయపెట్టేవాడి దగ్గర ఆగి అడగాలి. జోగినిగా దేవుడికి పిల్లని అప్పగిస్తే పుణ్యం అన్నవాళ్ళ మధ్యకి వెళ్ళి ఏళ్ళ తరబడి పనిచేసింది జాషువాగారి అమ్మాయే, గోరాగారి కోడలు హేమలతా లవణం. ఆ దురాచారం మీద మన రాష్ట్రంలో చట్టం 1988లో వచ్చింది. ఆ పిల్లలకి కావలసింది స్వర్గం ఉందా లేదా అన్న తీర్పు కాదు. బడి, ఇల్లు, ఇంకో బతుకు.

"మూలం కొట్టెయ్యకుండా కొమ్మలు నరికితే ఏం లాభం? పరలోకం అనే భయం పోతే ఇవన్నీ వాటంతటవే పోతాయి" అంటారు కొందరు మిత్రులు. వినడానికి బాగుంది. కానీ దేవుణ్ణి నమ్మనివాళ్ళ ఇళ్ళల్లో కట్నాలు, కులం చూసి పెళ్ళిళ్ళు ఆగాయా? నాకు తెలిసిన ఇళ్ళల్లో ఆగలేదు. పరలోకాన్ని గట్టిగా నమ్మే మా మేనత్త మాత్రం కూతురు కులాంతరం చేసుకుంటే నలుగురినీ పిలిచి భోజనాలు పెట్టింది. నమ్మకానికీ నడతకీ మధ్య అంత తిన్నని రోడ్డేమీ లేదు, మన మైలవరం రోడ్డులాగే దానికీ గుంటలెక్కువ.

అందుకని నా పద్ధతి ఒకటి చెప్పి ముగిస్తా. ఎవరైనా పరలోకం గురించి ఏదన్నా అంటే ముందు ఒక్కటే చూస్తాను, ఈ మాట వల్ల ఇక్కడ బతికున్నవాళ్ళెవరికైనా దెబ్బ తగులుతోందా అని. తగలకపోతే ఊరుకుంటాను. ఆయన ఆకలికి తట్టుకోలేడు అన్న మనిషితో నాకు వాదన లేదు. దెబ్బ తగులుతుంటే మాత్రం అడుగుతాను, ఏడ్చేవాళ్ళని కాదు, ఏడిపించేవాళ్ళని. ఎవరు చెప్పారు, ఎక్కడుంది, చెయ్యకపోతే ఏమవుతుంది, ఎవరి ఇష్టం అడిగారు. నాలుగే ప్రశ్నలు. వీటితో మతం ఓడిపోతుందో లేదో నాకు తెలియదు, ఆ పందెం నాది కూడా కాదు.